చిగుళ్ళ సంరక్షణ: దిద్దించి నేర్పాల్సిన విద్య



పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మినప్పుడు నురగలో ఎర్రటి చార కనిపిస్తే మన ఇళ్ళలో వినిపించే మాటలు దాదాపు ఒకటే. "వేడి చేసిందిరా నాన్నా, మజ్జిగ తాగు" అంటుంది అమ్మమ్మ. "బ్రష్షు గట్టిదేమో, నాలుగు రోజులు వేలితో తోముకో" అంటాడు తండ్రి. పిల్లవాడు రెండూ చేస్తాడు. చార మాత్రం పోదు. కొన్నాళ్ళకు ఇంటిల్లిపాదికీ అది అలవాటైపోతుంది. ఒంట్లో మరెక్కణ్ణుంచి రోజూ రక్తం కనిపించినా కంగారుపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే మనం, చిగుళ్ళలోంచి వచ్చేదాన్ని మాత్రం ఏళ్ళ తరబడి పుక్కిలించి ఉమ్మేస్తూ ఉంటాం.

ఆరోగ్యంగా ఉన్న చిగురు మెత్తటి బ్రష్షు తగిలినంత మాత్రాన రక్తం కార్చదు. ఈ సంగతి పిల్లలకు తెలిస్తే చాలునని నేను అనలేను. తెలియడం వేరు, చెయ్యి తిరగడం వేరు. చిగుళ్ళ వైద్యం చేస్తూ, దంతవైద్య కళాశాలలో అదే పాఠం చెబుతున్నదాన్ని కాబట్టి, ఈ చెయ్యి తిరగడం గురించే ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందు శత్రువు ఎవరో చూద్దాం. పన్నూ చిగురూ కలిసే అంచు దగ్గర జిగటగా, తెల్లగా ఒక పొర పేరుకుంటుంది. పాచి అంటాం. అది మిగిలిపోయిన అన్నం కాదు. కోట్ల కొద్దీ బాక్టీరియా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని కట్టుకున్న పొర. హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసుకునే లీవెన్‌హుక్ తన పళ్ళ సందుల్లోంచి ఆ తెల్లటి పదార్థాన్ని తీసి, తానే సానపట్టుకున్న కటకం కింద పెట్టి చూశాడు. అందులో కదలాడుతున్న ప్రాణుల గురించి 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. నీళ్ళు పుక్కిలిస్తే ఆ పొర పోదు. రుద్ది తీయాల్సిందే. తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని లవణాలు చేరి గట్టిపడి గార అవుతుంది. మీ కింది ముందుపళ్ళ లోపలి వైపు నాలుకతో ఒకసారి తడమండి. గరుకుగా తగిలితే అదే గార. లాలాజల గ్రంథుల నాళాలు ఆ పక్కనే తెరుచుకుంటాయి కాబట్టి సాధారణంగా అక్కడ ముందు కడుతుంది. కట్టాక ఇంక ఏ బ్రష్షుకూ లొంగదు, డాక్టరు దగ్గర తీయించుకోవాలి. తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మనవాళ్ళకు చాలా ఉంది. పళ్ళను వదులు చేసేది లోపల దాక్కున్న జబ్బు. గార ఊడినప్పుడు ఆ జబ్బు చేసిన ఖాళీ బయటపడుతుంది, అంతే.

పాచి నిలవున్న చోట చిగురు ఎర్రబడి, ఉబ్బి, రక్తం కారుతుంది. ఈ మెట్టు మీద ఉన్నంతవరకు పూర్తిగా వెనక్కి రావచ్చు. వాపు లోపలికి దిగి, పన్నును పట్టి ఉంచే నారలనూ దవడ ఎముకనూ తినడం మొదలుపెట్టాక మాత్రం, కరిగిన ఎముక తనంతట తాను తిరిగి రాదు. పైగా ఇదంతా చాలామందిలో నొప్పి లేకుండా జరిగిపోతుంది. పుచ్చుపన్ను రాత్రిళ్ళు నిద్ర పోనివ్వదు కాబట్టి మనిషి వైద్యానికి పరిగెత్తుతాడు. చిగుళ్ళ జబ్బుకు ఆ మేలు కూడా లేదు, పళ్ళు కదిలాక గాని తెలియదు. తీవ్రమైన చిగుళ్ళ వ్యాధితో ఉన్నవాళ్ళు ప్రపంచంలో సుమారు 100 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో అంచనా వేసింది.

పాచికీ చిగుళ్ళ వాపుకీ ఉన్న సంబంధాన్ని తిరుగులేకుండా నిరూపించింది ఎవరో పెద్ద రోగులు కాదు, కాలేజీ పిల్లలు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ దంతవైద్య కళాశాలలో హెరాల్డ్ లోయె అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 1965లో ప్రచురించిన ప్రయోగం అది. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మంది, వాళ్ళలో ఎక్కువమంది విద్యార్థులే, పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేశారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే వారం రోజుల్లో మామూలు స్థితికి వచ్చాయి. నా తరగతిలో చేరిన పిల్లలకు నేను మొట్టమొదట చెప్పే కథ ఇదే. మీ వయసు వాళ్ళే తమ నోళ్ళనే ప్రయోగశాలగా చేసుకుని ఈ శాస్త్రానికి పునాది వేశారని చెప్పినప్పుడు, వెనక బెంచీలో పిల్లలు కూడా తలెత్తి వింటారు.

అదే లోయె బృందం తర్వాత మన పొరుగున ఉన్న శ్రీలంకకు వచ్చింది. అక్కడి తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది కుర్రాళ్ళను, యువకులను 1970 నుంచి 15 ఏళ్ళపాటు పరిశీలించింది. వాళ్ళకు పళ్ళు శుభ్రం చేసుకునే అలవాటు లేదు, దంతవైద్యం అందలేదు. పోలికకు నార్వేలోని ఓస్లో నగరంలో చిన్ననాటి నుంచి క్రమం తప్పకుండా దంత సంరక్షణ పొందిన విద్యార్థులను, అధ్యాపకులను తీసుకున్నారు. నలభై ఏళ్ళు వచ్చేసరికి పన్నును పట్టి ఉంచే కట్టు ఓస్లో వాళ్ళలో సగటున ఒకటిన్నర మిల్లీమీటర్లు జారితే, తోట కార్మికుల్లో నాలుగున్నర మిల్లీమీటర్లు జారింది. ఆ కార్మికుల్లో నూటికి 8 మందికి జబ్బు దూసుకెళ్ళింది. నలభై అయిదేళ్ళకు నోట్లో పళ్ళు లేకుండా పోయాయి. 81 మందికి మధ్యస్థంగా నడిచింది. 11 మందికి చిగురు వాపు దగ్గరే ఆగిపోయింది. ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. వాళ్ళు మనలాంటి వాళ్ళే, తోటల్లో కూలి చేసుకుని బతికినవాళ్ళే. చేతిలో ఒక బ్రష్షు, దాన్ని పట్టుకోవడం నేర్పే ఒక మనిషి ఉండి ఉంటే వాళ్ళలో చాలామంది ముసలితనం దాకా నమిలి తినేవాళ్ళు. ఇంకో సంగతి కూడా వీటిలో ఉంది. ఆ 8 మంది ఎవరో చిన్నతనంలో మొహం చూసి చెప్పడం మనకు సాధ్యం కాదు. కాబట్టి పిల్లలందరికీ నేర్పక తప్పదు.

ఎవరు నేర్పాలి? ఈ ప్రశ్నకు వందేళ్ళ కిందటే జవాబు వెతికిన మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం, బ్రిడ్జిపోర్ట్ పట్టణం. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ ఫోన్స్, దంతవైద్యుడు. ఫిలడెల్ఫియాలో డి.డి. స్మిత్ అనే వైద్యుడు తన దగ్గరికి వచ్చేవాళ్ళ పళ్ళను క్రమం తప్పకుండా శుభ్రం చేస్తూ జబ్బు రాకుండా కాపాడటం చూసి, ఫోన్స్ కూడా అదే పట్టుకున్నాడు. కానీ పుచ్చులు నింపడంలోనే రోజంతా గడిచిపోతే శుభ్రం చేసేదెప్పుడు, నేర్పేదెప్పుడు? 1906లో తన దగ్గర సహాయకురాలిగా పనిచేస్తున్న ఐరీన్ న్యూమన్‌కు ఆ పని నేర్పించాడు. ఆమె ఆయనకు బంధువు కూడా. గార తీయడం, పళ్ళు మెరుగు పెట్టడం, ఇంట్లో ఎలా తోముకోవాలో మనిషి మనిషికీ చూపించడం ఆమె పని. పళ్ళ ఆరోగ్యం చూసే ఈ వృత్తికి డెంటల్ హైజీనిస్టు అన్న పేరు పెట్టింది ఫోన్సే.

అంతటితో ఆగలేదు. 1913లో తన గ్యారేజీనే బడిగా మార్చి ఆడవాళ్ళకు తరగతులు మొదలుపెట్టాడు. మరుసటేడు 27 మంది చదువు పూర్తి చేశారు. వాళ్ళలో చాలామంది పట్టణంలోని బడులకు వెళ్ళారు. బల్లల మధ్య నిలబడి పిల్లల చేత బ్రష్షులు పట్టించి, అందరినీ ఒకే తాళంలో తోమించారు. పళ్ళు శుభ్రం చేశారు, తల్లిదండ్రులతో మాట్లాడారు. కనెటికట్ ఆ వృత్తికి చట్టం చేసింది. 1917లో మొదటి లైసెన్సు ఐరీన్ న్యూమన్‌కే వచ్చింది. ఇందులో నాకు నచ్చేది ఫోన్స్ ధైర్యం. దంతవైద్యులు మాత్రమే చేయాలనుకున్న పనిని ఆయన ఇతరుల చేతికిచ్చాడు. వాళ్ళను బడి గుమ్మం దాకా పంపించాడు. చిన్నపిల్లలకు ఇప్పటికీ మేం నేర్పే పద్ధతి, పళ్ళు రెండు వరసలూ కలిపి పట్టి గుండ్రంగా తిప్పుతూ తోమడం, ఆయన పేరుతోనే ఉంది.

మన దేశంలోనూ హైజీనిస్టు కోర్సు ఉంది, రెండేళ్ళ డిప్లొమా. 1948 దంతవైద్యుల చట్టంలోనే ఆ వృత్తికి చోటిచ్చారు. కానీ దంతవైద్యులను తయారుచేసే కళాశాలలు దేశంలో 300కు పైగా వెలిశాయి గాని హైజీనిస్టులను తయారుచేయడం మీద ఆ శ్రద్ధ పెట్టలేదు. ఇంటర్ పాసై ఏదో ఒక కోర్సు కోసం చూస్తున్న పల్లె ఆడపిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ వేలల్లో ఉన్నారు. ఇలాంటి వృత్తి ఒకటుందని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. కొలువులూ లేవు. ఒక్కో మండలంలో ఒక్కో హైజీనిస్టు బడి బడికీ తిరిగే రోజు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ రోజు వచ్చేదాకా పిల్లలు ఆగరు కదా. అందుకని ఇంటి సంగతి చూద్దాం.

పిల్లలకు అక్షరాలు ఎలా నేర్పుతాం? "అ ఇలా ఉంటుంది, రాయి" అని చెప్పి వెళ్ళిపోము. పలక మీద పెద్దగా రాసి, బలపం పట్టిన ఆ చిన్న చేతిని మన చేత్తో పట్టుకుని, దాని మీదే పదేపదే దిద్దిస్తాం. గీత పక్కకు పోతే తుడిచి మళ్ళీ దిద్దిస్తాం. పళ్ళు తోమడం కూడా సరిగ్గా అలాగే నేర్పాలి. మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? మూడేళ్ళు రాగానే రంగుల బ్రష్షు, తియ్యటి పేస్టు చేతికిచ్చి "వెళ్ళి తోముకో అమ్మా" అంటాం. ఆ చేతికి ఆ నేర్పు ఇంకా రాలేదు. చొక్కా గుండీలు తానే పెట్టుకుని, బూటు లేసు తానే ముడివేసుకునే దాకా, అంటే ఏడెనిమిదేళ్ళ దాకా, పెద్దవాళ్ళే తోమాలి. ముందు పిల్ల తోముకుంటుంది, సంతోషంగా చేయనివ్వండి. తర్వాత ఆ పిల్ల వెనక నిలబడి, తలను మీ ఒంటికి ఆనించుకుని, అద్దంలో చూస్తూ మీరు తోమండి. అప్పుడు ఆ పిల్ల చేతికి మీ చేతి బరువు ఎంతో తెలుస్తుంది. గట్టిగా రుద్దకూడదన్న పాఠం మాటలతో వచ్చేది కాదు.

మూడేళ్ళ లోపు పిల్లలకు పేస్టు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు బఠాణీ గింజంత చాలు. టీవీలో చూపించినట్టు బ్రష్షు పొడుగునా పరచనక్కర్లేదు. పెద్ద పిల్లలకు, మనకు పద్ధతి వేరు. బ్రష్షు కుచ్చును చిగురు అంచు వైపు వాలుగా, 45 డిగ్రీల కోణంలో ఆనించాలి. సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఉండాలి. అక్కడే నిలిపి చిన్నగా వణికించినట్టు కదిలించి, తర్వాత పన్ను కొన వైపు ఊడ్చాలి. ఈ పద్ధతికి మూలం చెప్పిన చార్లెస్ బాస్ దంతవైద్యుడు కాదు, న్యూఆర్లీన్స్‌లో మలేరియా మీద పరిశోధన చేసిన వైద్యుడు, టులేన్ వైద్య కళాశాల డీన్‌గా పనిచేసినవాడు. చిగురు అంచుకూ పన్నుకూ మధ్య ఉండే సన్నని గాడి శుభ్రపడాలన్నది ఆయన పట్టుదల. అడ్డంగా, బలంగా తోమితే ఆ గాడి అలాగే ఉండిపోతుంది, పైగా చిగురు కిందికి జారిపోతుంది. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఉప్పు వద్దు. వేపపుల్ల వాడేవాళ్ళను నేను తప్పుపట్టను, బాగా నమిలి మెత్తటి కుచ్చు చేసుకుని చిగురును గీరకుండా వాడితే. కాని లోపలి వైపు పళ్ళకూ దవడ పళ్ళకూ అది అందడం కష్టం.

రాత్రి తోమడం మన ఇళ్ళలో అసలు లేని అలవాటు. పొద్దున్నే తోముకోకపోతే కాఫీ ఇవ్వని తల్లి, రాత్రి పెరుగన్నం తిని, ఆ పైన లడ్డూ తిని పడుకున్న బిడ్డను ఏమీ అనదు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. పాచి పెరగడానికి అంతకంటే మంచి సమయం లేదు. రెండింట్లో ఒకటే కుదురుతుందంటే రాత్రిది చేయించండని తల్లులకు నేను చెబుతాను.

ఇక బడి. పిల్లలకు పాచి కనిపించదు, తెల్లటి పన్ను మీద తెల్లటి పొర కదా. దాన్ని కనిపించేలా చేసే రంగు బిళ్ళలు, రంగు ద్రావణం దంతవైద్యుల దగ్గర ఉంటాయి. ఆ రంగు పట్టించి నీళ్ళు పుక్కిలిస్తే పాచి ఉన్నచోటల్లా గులాబీ రంగు నిలబడుతుంది. అద్దం ఇచ్చి చూసుకోమంటే "అయ్యో, నేను పొద్దున తోముకున్నానే!" అంటారు. ఆ క్షణంలో బ్రష్షు చేతికిచ్చి, రంగు పోయేదాకా తోముకోమనాలి. ఎక్కడ తోమడం లేదో వాళ్ళ చెయ్యే కనిపెడుతుంది. ఏ ఉపన్యాసమూ ఈ పని చేయలేదని నేను చెప్పగలను, నా ఉపన్యాసాలతో సహా.

ఫిలిప్పీన్స్‌లో బడి పిల్లల కోసం నడిపిన ఫిట్ ఫర్ స్కూల్ కార్యక్రమంలో రోజూ సబ్బుతో చేతులు కడిగించడం, ఫ్లోరైడు పేస్టుతో పళ్ళు తోమించడం, ఏటా రెండుసార్లు నులిపురుగుల మందు ఇవ్వడం కలిపేశారు. చేయించేది టీచర్లే. పొడవాటి గొట్టానికి చిల్లులు పెట్టి, ఒక తరగతి మొత్తం ఒకేసారి నిలబడేలా నీళ్ళు వదిలారు. మన బడుల్లో మధ్యాహ్న భోజనం దగ్గర చేతులు కడుక్కునే కుళాయిలు ఇప్పటికే ఉన్నాయి. భోజనం తర్వాత రెండు నిమిషాలు అక్కడే బ్రష్షు పట్టించడానికి కొత్త భవనమేమీ అక్కర్లేదు. ఒక్కో పిల్లకు పేరు రాసిన ఒక బ్రష్షు, గాలి తగిలేలా నిలబెట్టే ఒక స్టాండు కావాలి. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్ళలో ఇది ఇంకా సులభం. అక్కడ పదో తరగతి పిల్ల ఆరో తరగతి పిల్లకు నేర్పుతుంది. చిన్నవాళ్ళు అక్క మాట వినేంత శ్రద్ధగా డాక్టరు మాట వినరు.

పదకొండు, పన్నెండేళ్ళ దగ్గర తల్లిదండ్రులు ఇంకొంచెం కనిపెట్టుకుని ఉండాలి. యుక్తవయసు హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్ళు ఎక్కువగా ఉబ్బుతాయి. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న పిల్లల్లో మరీనూ. అరుదుగా కొందరు పిల్లల్లో, గార పెద్దగా కనిపించకపోయినా, ముందుపళ్ళ దగ్గరా ఆరేళ్ళకు వచ్చే మొదటి దవడ పళ్ళ దగ్గరా ఎముక వేగంగా కరుగుతుంది. పదిహేనేళ్ళ పిల్ల ముందుపళ్ళ మధ్య కొత్తగా సందు వచ్చినా, పన్ను కదిలినా ఒక్క వారం కూడా ఆగవద్దు. అదే వయసులో కొందరు కుర్రాళ్ళు సిగరెట్టు మొదలుపెడతారు. పొగ తాగేవాళ్ళలో చిగురు రక్తం కార్చడం తగ్గుతుంది, అందుకని అంతా బాగుందనుకుంటారు. లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్ళుంటే వాళ్ళకూ ఒక మాట: షుగరు అదుపు తప్పితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది.

పెద్దయ్యాక ఇంకేం నేర్చుకుంటాంలే అనుకునేవాళ్ళకు స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ చూపించాలి. పెర్ అక్సెల్సన్, యాన్ లిండె 1970ల మొదట్లో అక్కడ పెద్దవాళ్ళకు తమ నోటిని తామే పరీక్షించుకోవడం, పళ్ళ సందులు శుభ్రం చేసుకోవడం నేర్పి, క్రమం తప్పకుండా పిలిపించి చూస్తూ వచ్చారు. 30 ఏళ్ళ తర్వాత లెక్క చూస్తే వాళ్ళు పోగొట్టుకున్న పళ్ళు సగటున మనిషికి రెండు కూడా లేవు.

చివరిగా నా సొంత ఇంటి మాట, అంటే దంతవైద్య కళాశాల మాట. మా పిల్లలు ఇన్ని నోళ్ళకు గార తీసే స్కేలింగ్ చేస్తే ఇన్ని మార్కులు అన్న లెక్క మీద చదువుకుంటారు. ఆ రోగి మళ్ళీ వచ్చినప్పుడు చిగురు రక్తం కార్చడం ఆగిందా లేదా అన్నదానికీ మార్కులు ఉండాలి. అప్పుడుగాని, కుర్చీలో కూర్చున్న మనిషి చేతికి బ్రష్షు ఇచ్చి "ఏదీ, మీరెలా తోముకుంటారో చూపించండి" అని అడగడం చికిత్సలో భాగమని పిల్లలకు అనిపించదు. ప్రతి హౌస్ సర్జనుకూ ఏడాది పొడుగునా ఒక బడిని అప్పగించాలి. జూన్‌లో చూసిన పిల్లలనే నవంబరులో, ఫిబ్రవరిలో మళ్ళీ చూడాలి, రక్తం కారే చిగుళ్ళు ఎన్ని తగ్గాయో రాసిపెట్టాలి. ఒక్కసారి చెప్పి వచ్చిన పాఠం కొన్ని వారాల్లో చెరిగిపోతుందని ఈ రంగంలో పనిచేసే మాకందరికీ తెలుసు.

ఏటా ఆగస్టు 1న మన దేశంలో నోటి పరిశుభ్రత దినం జరుపుతారు. ఇండియన్ సొసైటీ ఆఫ్ పెరియోడాంటాలజీని స్థాపించిన డాక్టర్ శంక్వాల్కర్ జ్ఞాపకార్థం ఏర్పాటు చేసిన రోజు అది. ఆ రోజున తెల్ల కోట్లు వేసుకున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు మీ ఊరి బడికి రావచ్చు. బొమ్మ పళ్ళ మీద తోమి చూపిస్తారు, బ్రష్షులు పంచుతారు. హెడ్మాస్టర్లకు, టీచరమ్మలకు నా విన్నపం: వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, మీ పిల్లల్లో పదిమంది చేత వాళ్ళ ముందే తోమించండి. పిల్లల పేర్లు ఒక రిజిస్టరులో రాయించి, మళ్ళీ ఏ తారీఖున వస్తారో ఆ వచ్చినవాళ్ళ చేతనే అందులో రాయించి సంతకం పెట్టించుకోండి.